వెన్నుల అప్పగింత

ఓస్టర్‌విల్‌లో డాక్టర్ ఆర్లిస్ టీడెమన్ క్లినిక్ తలుపు బాగా తెల్లారకముందే తెరుచుకుంటుంది. రైతులు ట్రాక్టరెక్కే లోపల నడుము చూపించుకుని పోవాలి కదా, అందుకని. ఆవిడ వచ్చేసరికే లవోన్ కాఫీ కాచి, పేషెంట్లు పడుకునే బల్ల తలవైపు కొత్త కాగితం పరిచి, తన వీపుని హీటరుకి ఆనించి మొహం చిట్లించుకుని నిలబడి ఉంటుంది. ఫోన్లెత్తడం, పేషెంట్లని వరసగా లోపలికి పంపడం లవోన్ పని.

"మళ్ళీ పట్టేసిందా? వచ్చి పడుకో, ఒక్క నిమిషంలో వదిలిస్తాను," అంటుంది ఆర్లిస్, కోటు తగిలిస్తూ.

"నా నడుం జోలికి రాకు. నీ పని నువ్వు చూసుకో," అంటుంది లవోన్.

ఈ సంభాషణ వాళ్ళిద్దరి మధ్యా ఏళ్ళ తరబడి నడుస్తోంది. ఊళ్ళో అందరి వెన్నూ సరిచేసే డాక్టరు దగ్గర పనిచేస్తూ, లవోన్ ఒక్కతే ఆ బల్ల మీద ఏనాడూ పడుకోలేదు. నొప్పి మాత్రలు మింగుతుంది, వేడినీళ్ళ సంచీ కట్టుకుంటుంది, వంగినప్పుడల్లా దేవుణ్ణి తిట్టుకుంటుంది. బల్ల మాత్రం ఎక్కదు.

ఆ ఏడు మొక్కజొన్న విత్తనాలు వేసే రోజుల్లో ఆర్లిస్ ఎడమచేతి బొటనవేలు వణకడం మొదలెట్టింది. ముందు అలసట అనుకుంది. కోతలనాటికి వణుకు మణికట్టు దాకా పాకింది. పట్నంలో పెద్ద డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పి, "ఇది తగ్గేది కాదు, నెమ్మదిగా పెరిగేది," అన్నాడు. వెన్నుపూస మీద ఏ చోట, ఏ వాలున, ఎంత బలంతో నొక్కాలో తెలిసిన చేతులవి. ఆ చేతుల్లో ఇప్పుడు కాఫీ కప్పు గలగలలాడుతోంది. ఆర్లిస్ ఇంటికొచ్చి, ఏడవకుండా, క్లినిక్ అమ్మకానికి పెట్టింది.

కొనడానికి వచ్చిన కుర్రాడు టోబిన్ వెసెలీ. డావెన్‌పోర్ట్‌లో వెన్ను వైద్యం చదువుకుని, రెండుమూడు చోట్ల ఇంకొకళ్ళ కింద పనిచేసి, సొంతంగా పెట్టుకోవాలని తిరుగుతున్నాడు. మంచివాడే గానీ గాభరా మనిషి. మొదటిరోజే, హాల్లో టీవీ పెడితే బాగుంటుందేమో అన్నాడు. లవోన్ చూసిన చూపుకి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

"క్లినిక్ అమ్మడమంటే గోడలూ బల్లలూ అమ్మడం కాదు బాబూ. మనుషుల్ని అప్పగించాలి. నీకు తెలుసుగా?" అంది ఆర్లిస్.

"తెలుసు డాక్టర్ గారూ. కాలేజీలో చెప్పారు."

"చెప్పే ఉంటారు. చెయ్యడం వేరు."

ఒక చేతికి అలవాటుపడ్డ వెన్ను ఇంకో చేతికి పలకదు. కొత్త చెయ్యి ఎంత నొక్కినా పూసలు కదలవు. నొప్పి తగ్గకపోగా పెరుగుతుంది. అందుకని పాత డాక్టరు వెన్ను మీద చెయ్యి వేస్తుంది, దాని మీద కొత్త డాక్టరు చెయ్యి వేస్తాడు, కింద నుంచి పాతచెయ్యి తప్పుకుంటుంది. అంతే, ఆ వెన్ను కొత్తవాడిదైపోతుంది. చెయ్యి తీసుకున్న ఆ క్షణంలోనే ఆ మనిషి పాత డాక్టరు మనసులోంచి కూడా వెళ్ళిపోతాడు. పేరూ మొహమూ, చెప్పుకున్న కబుర్లూ అన్నీ పోతాయి. తిరిగి పరిచయం చేసుకున్నా తెల్లారేసరికి నిలవదు.

ఆర్లిస్‌కి ఈ క్లినిక్ అమ్మిన ముసలి హిన్‌రిక్స్ డాక్టరు, ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ రోజూ పొద్దున్న కాఫీ హోటల్లో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ చెయ్యి చాపి, "నా పేరు హిన్‌రిక్స్. మీరీ ఊరికి కొత్తా?" అని అడిగేవాడు. వాళ్ళూ చెయ్యి కలిపి, ఓపిగ్గా పేరు చెప్పుకునేవారు. ఈ పని మానేసిన డాక్టర్లు చాలామంది అరిజోనా పోయి ఎండలో స్థిరపడతారు. అందరూ కొత్తవాళ్ళే అయిన చోట కొత్తగా ఉండటం తేలికని.

ఆర్లిస్ ఎక్కడికీ పోదలచుకోలేదు. కూతురి సమాధి ఇక్కడుంది.

చలికాలం మొదట్లో అప్పగింతలు మొదలయ్యాయి. కబురందుకుని జనం వరసగా వచ్చారు. కొందరు కేకులు తెచ్చారు, కొందరు కూర పళ్ళేలు తెచ్చారు. ఎటూ మర్చిపోబోయే మనిషి కదా అని, కొందరు మనసులో మాటలు తెచ్చారు.

పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన బెర్డీన్ ఓక్స్ బోర్లా పడుకుని, బల్లకి మొహం ఆనించే చోట ఉన్న కన్నంలోంచి నేల చూస్తూ అంది, "ఆర్లిస్, ఇన్నేళ్ళూ నీ రుబార్బ్ కాడల కేకు బావుందని తిన్నాను చూడు, అబద్ధం. అంత పులుపు మనుషులు తినలేరు."

"మరి మొన్న చర్చిలో రెండు ముక్కలు తిన్నావేం?"

"నువ్వు చూస్తున్నావుగా!"

ఆర్లిస్ నవ్వుతూనే బెర్డీన్ నడుం మీద అరచెయ్యి ఆనించింది. టోబిన్ చెయ్యి దాని మీద పడింది. ఆర్లిస్ చెయ్యి లాక్కుంది. నవ్వు మొహం మీదే ఉంది గానీ, దేనికి నవ్విందో ఆవిడకి తెలియలేదు. బల్ల మీద ఎవరో ముసలావిడ పడుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తోందో నవ్వుతోందో.

"మీరు మంచి చేతుల్లో ఉన్నారండీ," అని చెప్పి, ఆర్లిస్ బయటకి వచ్చేసింది.

రోజూ అలాగే. ఒక్కొక్కళ్ళూ వెళ్ళిపోతుంటే ఊరు ఖాళీ అవుతున్నట్టుండేది. సరుకుల కొట్లో, పెట్రోలు బంకులో, చర్చిలో అందరూ తనని చూసి తల ఊపేవాళ్ళు. ఆవిడా ఊపేది. ప్రార్థన జరుగుతుండగా చుట్టూ చూస్తే, దారి తప్పి వేరే ఊరి చర్చిలోకి వచ్చేసినట్టనిపించేది. ఒక ఆదివారం చర్చి బెంచీ చివర కూర్చుని తల పట్టుకుంది. పక్కకొచ్చి కూర్చున్న మనిషిని తేరిపార చూసి, "లవోన్!" అంది, మునిగిపోతున్నదానికి కొమ్మ దొరికినట్టు.

"నేనే. ఎక్కడికీ పోలేదు," అంది లవోన్.

"అందుకేనా బల్ల ఎక్కలేదు, ఇన్నేళ్ళూ?"

"మరి? నీ చేతులు ఎప్పటికైనా ఆగిపోతాయని నాకు తెలీదా? ఊళ్ళో ఒక్కళ్ళైనా నీకు మిగలద్దూ?"

ఆర్లిస్ లవోన్ చెయ్యి పట్టుకుని, ఆ చెయ్యి మీద తన వణుకునంతా వదిలేసి కూర్చుంది.

క్రిస్మస్ వెళ్ళేసరికి అందరూ అయిపోయారు, ఒక్కడు తప్ప. వాడి పేరు గేలెన్ వుబ్బెన్.

గేలెన్ పొలం ఊరికి ఉత్తరాన ఉంది. స్కూల్లో ఫుట్‌బాల్ ఆడి మెడ పట్టేసినప్పుడు వాళ్ళమ్మ మొదటిసారి తీసుకొచ్చింది. అప్పటినించీ వాడి వెన్ను ఆర్లిస్‌దే. పెద్దవాడయ్యాక ఒక ఏడాది సోయా కోతలు ముగిసిన సాయంత్రం, కడుపునిండా తాగి ట్రక్కు తోలుతూ, స్టాప్ గుర్తు దాటేసి ఒక చిన్న కారుని గుద్దాడు. కారులో మారెన్ ఉంది. ఆర్లిస్ ఒక్కగానొక్క కూతురు. కాలేజీ నుంచి, శెలవలకి, మాసిన బట్టల సంచీతో ఇంటికొస్తోంది.

వాడు జైలుకెళ్ళాడు. ఆర్లిస్ భర్త ఆ ఇంట్లో ఉండలేక ఎటో వెళ్ళిపోయాడు. ఏళ్ళు గడిచి వాడు జైలు నుంచి వచ్చేసరికి సగానికి వంగిపోయి ఉన్నాడు. ఆ ప్రమాదంలో నలిగిన వెన్ను. ఇంకో డాక్టరు చేతికి పలకదు. ఒకరోజు మిగతా పేషెంట్లందరూ వెళ్ళాక తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆర్లిస్ చాలాసేపు చూసి, బల్ల వైపు చెయ్యి చూపించింది. వాడు బోర్లా పడుకున్నాడు. నొక్కాల్సిన చోట నొక్కింది, నొక్కాల్సినంతే నొక్కింది. ఆ తర్వాత ప్రతివారం వచ్చాడు. ఇద్దరూ ఎప్పుడూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

"ఇంకొక్కరున్నారనుకుంటా డాక్టర్ గారూ," అన్నాడు టోబిన్ జాగ్రత్తగా. లవోన్ వాడికి అంతా చెప్పే ఉంచింది.

"వాణ్ణి అప్పగించను."

"మరి మీరిక చెయ్యలేరు కదా. నేను ముట్టుకుంటే ఆయనకి పలకదు. ఆయన గతి?"

"అది నీ బాధ కాదు."

టోబిన్ వెళ్ళాక లవోన్ అందుకుంది. "వాడు వంగి వంగి మంచాన పడతాడు, ఆర్లిస్."

"పడనీ."

"సరే, పడనీ. నేను వాడి కోసం చెప్పట్లేదు."

"నా కోసమైతే అసలు చెప్పకు. వాణ్ణి మర్చిపోతే, నా పిల్లని చంపిందెవరో నాకు తెలియకుండా పోతుంది. ఊరందర్నీ ఇచ్చేశాను. పుట్టినప్పట్నుంచీ ఎత్తుకు తిరిగినవాళ్ళని ఇచ్చేశాను. ఇదొక్కటీ నాకుంచండి."

లవోన్ వెళ్ళి హీటరుకి వీపు ఆనించింది.

ఆ వారం గేలెన్ వచ్చినప్పుడు వాడు జైలు నుంచి వచ్చాక మొట్టమొదటిసారి ఆర్లిస్ వాడితో మాట్లాడింది. "నిన్ను అప్పగించను గేలెన్. నీకు తెలియాలని చెప్తున్నాను."

వాడు టోపీ చేతిలో నలుపుతూ, వంగిన మెడని అతికష్టం మీద పైకెత్తాడు. "అప్పగించొద్దని అడుగుదామనే వచ్చాను డాక్టర్."

"ఏమన్నావ్?"

"ఊళ్ళో అందరూ మామూలుగా మాట్లాడతారు నాతో. వానల గురించీ, పంట ధర గురించీ. జరిగిందేదో జరిగిపోయింది, నువ్వూ కుర్రాడివే కదా అప్పుడు, అంటారు. మీరు ఒక్కరే, నన్ను చూసినప్పుడు నేను చేసిన పనిని చూస్తారు. ఈ బల్ల మీద పడుకున్నప్పుడొక్కటే నాకు కాస్త..." వాడు టోపీని ఇంకా గట్టిగా నలిపాడు. "మీరు కూడా మర్చిపోతే ఎలా?"

ఆర్లిస్‌కి ఒళ్ళు మండిపోయింది. తను వాడికి వేద్దామనుకున్న శిక్షని వాడే చెయ్యి చాపి అడుగుతున్నాడు. వాడి మీద కోపాన్ని కూడా వాడు ఊతకర్రలా వాడుకుంటున్నాడన్నమాట ఇన్నాళ్ళూ!

"పడుకో," అంది కటువుగా.

చేతులు వణికాయి. నొక్కాల్సిన చోటుకి బెత్తెడు దూరంలో పడ్డాయి. వాడు పళ్ళు బిగించాడు గానీ మూలగలేదు. వెళ్ళేటప్పుడు గోడ పట్టుకుని వెళ్ళాడు. ఆ తర్వాతి వారం కూడా అంతే. దాని తర్వాతి వారం వాడు ట్రక్కు దిగలేకపోతే, టోబిన్ వెళ్ళి మోసినంత పని చేసి తీసుకొచ్చాడు. మెడ ఒకపక్కకి బిగుసుకుపోయి, మింగడం కూడా కష్టంగా ఉంది.

"మెడ చూడాలి. వెల్లకిలా తిప్పు," అంది ఆర్లిస్ టోబిన్‌తో. "నువ్వు పక్కగదిలో ఉండు."

"డాక్టర్ గారూ, మెడ... మీ చేతులతో..."

"ఉండమన్నానా."

టోబిన్ వెళ్ళాడు గానీ తలుపు పూర్తిగా వెయ్యలేదు.

ఆర్లిస్ బల్ల తలవైపు స్టూలు మీద కూర్చుంది. గేలెన్ తలకింద రెండు చేతులూ దూర్చి మెడని అరచేతుల్లోకి తీసుకుంది. తలకిందులుగా ఉన్న మొహం, మాసిన గడ్డం, మూసుకున్న కళ్ళు. మెడ చెయ్యడమంటే తెలిసిన చేతికి ఒక త్రుటి పని. తల కొద్దిగా తిప్పి, సడి కూడా వినపడనంత చిన్న ఊపు ఇవ్వాలి. ఆ ఊపు దారి తప్పితే ఇంక ఆ మనిషి లేవడు.

వేళ్ళు సరైన పూస వెతుక్కున్నాయి. అప్పుడు గమనించింది ఆర్లిస్. చేతులు వణకడం లేదు.

రెండు చేతులూ రాయిలా నిలబడ్డాయి. విత్తనాల కాలం నుంచీ ఒక్క నిమిషం ఆగని వణుకు, గుండీలు పెట్టుకోనివ్వని వణుకు, చెంచా పట్టుకోనివ్వని వణుకు, ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పడుచుదనంలో ఉన్న చేతులు తిరిగొచ్చాయి. వాటికి ఏం కావాలో వాటికి తెలుసు. ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో, ఎవరూ ఏమీ అనలేని విధంగా ఎలా తిప్పాలో కూడా తెలుసు. పాపం, జబ్బు చేతులు, అంటారు జనం. అంతకన్నా ఏమంటారు?

గేలెన్ కళ్ళు తెరిచాడు. ఆ చేతుల కుదురు వాడికీ తెలిసింది. ఏళ్ళుగా ఆ చేతుల కింద పడుకున్నవాడు. కదల్లేదు. మళ్ళీ కళ్ళు మూసుకుని, మెడని ఇంకాస్త వదులు చేసి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"కానివ్వండి," అన్నాడు.

ఆర్లిస్‌కి ఒళ్ళంతా చెమట పట్టింది. నడుస్తున్న గడియారం, హీటరు రొద, హాల్లో లవోన్ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు. మారెన్ మొహం గుర్తు తెచ్చుకుందామంటే మారెన్ రాలేదు. ఈ మెడే వచ్చింది. ఇన్నేళ్ళూ కూతురున్న చోట వీడొచ్చి కూర్చున్నాడని ఆవిడకి అప్పుడు తట్టింది. పిల్లని తలుచుకుందామని కళ్ళు మూసిన ప్రతిసారీ వీడి ట్రక్కే కనపడింది. వీడి వీపే చేతికి తగిలింది.

"టోబిన్!" అని అరిచింది. "టోబిన్, పరుగెత్తుకు రా! నా చేతుల మీద నీ చేతులు పెట్టు. తొందరగా!"

గేలెన్ ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. "వద్దు. డాక్టర్, వద్దు. చంపండి, ఫర్వాలేదు, అప్పగించొద్దు. మిమ్మల్ని వేడుకుంటాను..."

టోబిన్ చేతులు ఆవిడ చేతుల మీద పడ్డాయి.

"గేలెన్," అంది ఆర్లిస్, "నువ్వు చేసింది ఇంక నువ్వే మొయ్యి."

ఆ తర్వాత కింద నుంచి చేతులు లాక్కుంది.

గదిలో చిన్న చప్పుడైంది. టోబిన్ మెడ సరిచేశాడు. ఆర్లిస్ తన చేతులు చూసుకుంది. మళ్ళీ వణుకుతున్నాయి. ఎందుకో ఒళ్ళంతా తడిసిపోయి ఉంది. బల్ల మీద ఎవరో మనిషి, మోటు చేతులు, రైతే అయ్యుంటాడు, వెల్లకిలా పడుకుని ఏడుస్తున్నాడు. కన్నీళ్ళు కణతల మీదుగా చెవుల్లోకి జారిపోతున్నాయి.

"అయ్యో, నొప్పిగా ఉందా నాయనా?" అంది. కాగితం చింపి, వణికే చేత్తోనే వాడి చెవుల దగ్గర తుడిచింది. "ఈ ఊరికి కొత్తా?"

వాడు ఆవిడ మొహంలోకి చూశాడు. వెతికాడు. అక్కడ జాలి తప్ప ఏమీ లేదు.

"కొత్తేనండీ," అన్నాడు చివరికి.

ఆ సాయంత్రం ఆర్లిస్ తాళంచెవులు టోబిన్‌కిచ్చి ఇంటికెళ్ళింది. లవోన్ తన సామాను తెచ్చుకుని ఆ ఇంటి వెనకగదిలో చేరింది. వచ్చిన మర్నాడే టోబిన్ బల్ల మీద పడుకుని, ఇన్నేళ్ళ నొప్పీ ఒక్కసారి వదిలించుకుని, ఇంటికొచ్చి సాయంత్రందాకా నిద్రపోయింది.

మంచు కరిగాక ఒకరోజు, నిటారుగా ఉన్న మనిషొకడు ఆర్లిస్ గుమ్మంలోకి వచ్చాడు. ఆవిడ కూర్చోమంది. వాడు కూర్చోకుండానే ఒక్క గుక్కలో చెప్పేశాడు, తనెవరో, ఏం చేశాడో. లవోన్ వంటింట్లోంచి వచ్చేలోపే ఆర్లిస్ కుర్చీలోంచి నేలమీదకి జారిపోయింది. కబురు ఆ క్షణమే వచ్చినట్టు, పోలీసులు తలుపు తట్టిన ఆ రోజే మళ్ళీ వచ్చినట్టు, గొంతు పోయేదాకా ఏడ్చింది. లవోన్ ఒడిలో పెట్టుకుని పట్టుకోవలసొచ్చింది. మర్నాడు పొద్దున్న ఆర్లిస్ లేచి, "నా కళ్ళు వాచాయేమిటే?" అని అడిగింది.

లవోన్ వాడి పొలానికి వెళ్ళి మరీ వాయించింది. "బుద్ధుందా నీకు? నీ బరువు దింపుకోడానికి దాని గుమ్మమే దొరికిందా? నువ్వు చెప్పినప్పుడల్లా అది కొత్తగా చావాలా?"

"ఇంక చెప్పను," అన్నాడు గేలెన్. "ఊరికే వస్తాను. రావచ్చా?"

లవోన్ వెనక్కి తిరిగి నడిచింది. రావద్దని మాత్రం అనలేదు.

వాడు వచ్చాడు. వానకి ఊడిన మెట్టు బిగించాడు. ఆర్లిస్ తలుపు తీసి, "ఎవరు బాబూ? లవోన్ పిలిపించిందా?" అని లోపలికి రమ్మంది. కాఫీ ఇచ్చింది. కప్పు గలగలలాడితే వాడు అందుకుని బల్ల మీద పెట్టాడు. లవోన్ వంటింటి గడపలో గరిటె పట్టుకుని నిలబడింది.

వాడి చూపు గోడ మీద ఫోటోకి తగిలి ఆగిపోయింది.

"మా అమ్మాయి," అంది ఆర్లిస్. "పోయింది. ఎవరో కారుని గుద్దారు. ఎవరో నాకు గుర్తుండదు. అడిగితే చెప్తారట, నిలవదు. పోనీలే. దానివల్ల ఒక సుఖం. ఈ మధ్య కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తోంది, ఇంకెవరూ అడ్డం రావట్లేదు."

గేలెన్ నోరు తెరిచాడు. గడపలో గరిటె కదిలింది.

"ఎలా ఉండేది?" అని అడిగాడు వాడు.

ఆ మాట ఆవిణ్ణి ఎవరూ అడగలేదు చాలా ఏళ్ళుగా. అడిగితే ఏడుస్తుందని భయపడేవాళ్ళు. ఆర్లిస్ మొహం విప్పారింది. వణికే చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, మారెన్ చిన్నప్పుడు పాలకోసం వచ్చే ఊరి పిల్లులన్నింటికీ ప్రొఫెసర్ల పేర్లు పెట్టిన సంగతి చెప్పింది. ఈత పోటీలో ఓడిపోయి, గెలిచిన పిల్లని ఎత్తుకుని తిప్పిన సంగతి చెప్పింది. గుడ్ల మీద జామ్ రాసుకు తినేదని, వాళ్ళ నాన్న అది చూడలేక పళ్ళెం తీసుకుని వేరే గదిలోకి పోయేవాడని చెప్పింది.

అన్నేళ్ళు జైల్లో గడిపినా, అన్నేళ్ళు ఆ బల్ల మీద పడుకున్నా, గేలెన్‌కి ఆ పిల్ల గురించి తెలిసింది పేరూ వయసే. కోర్టులో చదివినవి. ఇప్పుడా పిల్ల ఒక్కొక్క మాటతో గదిలోకి నడిచొస్తోంది, జామ్ అంటిన వేళ్ళతో, తడిజుట్టుతో. వాడి వెన్ను నిటారుగానే ఉంది. ఎటూ వంగే వీలు లేదు దానికి.

"అంతా చెప్పి విసిగిస్తున్నానేమో," అంది ఆర్లిస్. "పనిమీద పోవాలేమో నువ్వు?"

"లేదండీ," అన్నాడు గేలెన్. "తర్వాత?"